బెదురు గుర్రం మచ్చికయ్యే దారి

నాలుగైదు వందల కిలోల బరువు, ఒక్క తన్నుతో మనిషి ఎముకలు విరిచేయగల బలం ఉన్న గుర్రం, గాలికి ఎగిరిన ప్లాస్టిక్ సంచిని చూసి ప్రాణభయంతో పక్కకు దూకుతుంది. దీన్ని పొగరుగానో మొండితనంగానో లెక్కగట్టి కొరడా అందుకోవడం మనుషులు తరతరాలుగా చేస్తూ వస్తున్న పొరపాటు. విశాలమైన గడ్డి మైదానాల్లో గుంపులుగా మేస్తూ, తోడేళ్ళ వంటి వేటాడే మృగాల నోటికి చిక్కకుండా లక్షల ఏళ్ళు మనుగడ సాగించిన ఈ జాతికి పరుగే ప్రధానమైన రక్షణ కాబట్టి, చప్పుడు దేనిదో తేల్చుకునేదాకా ఆగిన గుర్రం కంటే, ముందు పరుగెత్తి కొంత దూరం పోయాక వెనుదిరిగి చూసిన గుర్రమే ఎక్కువగా బతికి బట్టకట్టింది. ఆ స్వభావమే నేటి పందెపు గుర్రంలోనూ, పెళ్ళి ఊరేగింపు గుర్రంలోనూ ఉంది. దాన్ని శిక్షణతో తుడిచిపెట్టడం సాధ్యం కాదు గాని, భయం కలిగినప్పుడు పారిపోయే ముందు ఒక్క క్షణం ఆగి పక్కనున్న మనిషి వైపు చూడటం నేర్పడం సాధ్యమే. ఆ పాఠంలో ఎక్కువ భాగం జీను వేసి ఎక్కకముందే, గుర్రం పక్కన నేల మీద నిలబడి నేర్పవలసినది. తాడు పట్టుకుని నడిపించడం, ఆపడం, వెనక్కి అడుగు వేయించడం, పక్కకు జరపడం, కొత్త వస్తువులను పరిచయం చేయడం వంటివన్నీ కలిసిన ఈ శిక్షణను అశ్వశిక్షకులు గ్రౌండ్‌వర్క్ అంటారు.

ఈ శిక్షణ ఎందుకు ఫలిస్తుందో అర్థం కావాలంటే గుర్రానికి లోకం ఎలా కనిపిస్తుందో, ఎలా వినిపిస్తుందో కొంత తెలియాలి. నేల మీద బతికే క్షీరదాలన్నిటిలో అతి పెద్ద కళ్ళున్న జంతువుల్లో గుర్రం ఒకటి. ఆ కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల అది తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. అయితే నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్దిమేర, తోక వెనుక కొద్దిమేర దానికి ఏమీ కనిపించదు. ఆ మరుగు చోట్ల నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చిన మనిషి గుర్రం దృష్టిలో ఉన్నట్టుండి గాలిలోంచి ఊడిపడినవాడే అవుతాడు కాబట్టి, అనుభవజ్ఞులు ఎప్పుడూ భుజం వైపు నుంచి, ఏటవాలుగా, మెల్లగా మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళమని చెబుతారు. రెండు చెవులూ వేర్వేరు దిక్కులకు తిరగగలవు; మనిషి చెవికి అందనంత హెచ్చు స్థాయి శబ్దాలను కూడా గుర్రం వినగలదు. మనిషికి ఏ అలికిడీ లేదనిపించిన చోట గుర్రం చెవులు నిక్కించి ఒక దిక్కుకు చూస్తోందంటే, చాలాసార్లు అక్కడ నిజంగానే ఏదో ఉంటుంది.

మనిషికి వింతగా తోచే మరో సంగతి కూడా ఉంది. నిన్న చూసి ఊరుకున్న వస్తువునే ఇవాళ మరో కోణం నుంచి చూసి గుర్రం బెదురుతుంది. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఆటసామగ్రికి బాగా అలవాటుపడిన గుర్రాలు, అదే సామగ్రిని పక్కకు తిప్పి పెట్టగానే మళ్ళీ కొత్తదాన్ని చూసినట్టే స్పందించాయి. నిన్నంతా నేర్పినది ఇవాళ మరచిపోయిందని, కావాలనే నాటకమాడుతోందని గుర్రాన్ని తిట్టేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. ఎడమవైపు నుంచి నేర్పిన ప్రతి పాఠాన్నీ కుడివైపు నుంచి కూడా విడిగా నేర్పాలని శిక్షకులు పట్టుబట్టడం వెనుక ఉన్నదీ ఇలాంటి అనుభవమే.

ఇక్కడే అసలైన చిక్కు మొదలవుతుంది: కదలకుండా నిలబడిన ప్రతి గుర్రమూ కుదుటపడిన గుర్రం కాదు. మనసు నిజంగా నెమ్మదించిన గుర్రం తల మూపు ఎత్తుకు గాని, అంతకంటే కిందికి గాని దిగుతుంది. కనురెప్పలు మెత్తబడి మాటిమాటికీ ఆడతాయి. కింది పెదవి వదులుగా వేలాడుతుంది. ఒక వెనుక కాలు గిట్ట కొన మీద ఆనించి విశ్రాంతిగా నిలబడుతుంది. డొక్కలు నిదానంగా ఎగసి దిగుతాయి. భయంతో బిగుసుకుపోయిన గుర్రమూ కదలదు గాని, దాని తల ఎత్తుగా ఉంటుంది, కంటి పైభాగంలో ముడతలు పడతాయి, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, మూతి బిగుసుకుంటుంది, తోక తొడల మధ్యకు నొక్కుకుపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి సుమారు 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది; భయపడిన గుర్రం పైకి రాయిలా నిలబడి ఉన్నా దాని గుండె మాత్రం దడదడలాడుతూ ఉండవచ్చు. ఈ రెండు నిలకడల తేడాను కనిపెట్టలేని శిక్షకుడు, పేలడానికి సిద్ధంగా ఉన్న గుర్రాన్ని పట్టుకుని అది మచ్చికైందని పొరబడతాడు. ప్రమాదాలు జరిగేది సరిగ్గా అప్పుడే.

పాత పద్ధతుల్లో చాలావాటికి ఈ తేడా పట్టలేదు. గుర్రాన్ని గుంజకు కట్టి, అది పెనుగులాడి అలిసిపోయేదాకా ఒంటి మీద గోనెసంచులు విసరడం అనేక దేశాల్లో మామూలుగా సాగిన పని. అమెరికాకు చెందిన జాన్ రేరీ ఇంగ్లండు వెళ్ళి, 1858లో విక్టోరియా రాణి సమక్షంలోనూ లండన్ ప్రేక్షకుల ముందూ ఎవరికీ లొంగని గుర్రాలను లొంగదీసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. వాటిలో ఒకటైన క్రూజర్ అనే మగగుర్రం అంతకుముందు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. రేరీ ఇలాంటి గుర్రం ముందుకాలిని మడిచి తోలుపట్టీతో కట్టి, దాన్ని నెమ్మదిగా నేలకు ఒరిగేలా చేసి, అది పడుకున్నాక ఒళ్ళంతా నిమిరేవాడు. దెబ్బలు, ఆకలి, రక్తపాతం మామూలైన ఆ కాలంలో ఇది దయగల పద్ధతిగానే చెలామణి అయింది, ఆ మేరకు రేరీకి దక్కవలసిన గౌరవం దక్కాలి. అయినా పారిపోయే దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు జంతువు ప్రతిఘటన మానుకోవడాన్ని నేటి ప్రవర్తనా శాస్త్రం నిస్సహాయతకు అలవాటుపడటంగానే గుర్తిస్తుంది. ఏం చేసినా ఫలితం లేదని తెలుసుకున్న జంతువులో కనిపించే ఆ అణకువను నమ్మకంగా భావించకూడదు.

దయతో చేసే శిక్షణ ఆధునికులు కనిపెట్టినదేమీ కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని, రచయిత జెనోఫోన్ అశ్వవిద్య మీద రాసిన చిన్న పుస్తకంలో, కోపంతో ఉన్నప్పుడు గుర్రం జోలికి వెళ్ళవద్దని, గుర్రం దేన్నైనా చూసి జంకితే మనిషే ముందు ఆ వస్తువును తాకి చూపించి దాన్ని మెల్లగా అక్కడికి తీసుకెళ్ళాలని సలహా ఇచ్చాడు. దెబ్బలు కొడితే, ఆ నొప్పి తాను భయపడిన వస్తువు వల్లనే కలిగిందని గుర్రం అనుకుంటుందని, దానితో భయం రెట్టింపవుతుందని ఆయన వివరించాడు. రెండు వేల ఏళ్ళకు పైబడిన ఈ పరిశీలనను నేటి శాస్త్రం పదాలు మార్చి మళ్ళీ చెబుతున్నదంతే. బాలుడైన అలెగ్జాండర్, ఎవరికీ లొంగని బ్యుసెఫలస్ అనే గుర్రం తన నీడను చూసి తానే బెదురుతోందని గమనించి, దాన్ని సూర్యుడి వైపు తిప్పి నిలిపాడని గ్రీకు రచయిత ప్లుటార్క్ రాసిన కథ అక్షరాలా నిజమైనా కాకపోయినా, అందులోని పద్ధతి మాత్రం మేలైనది: ముందు భయానికి కారణం వెతికి, ఆ తరవాతే గుర్రాన్ని ఎక్కడం.

20వ శతాబ్దంలో ఈ దృష్టిని పశ్చిమ అమెరికా పశువుల కాపరుల మధ్య మళ్ళీ నిలబెట్టినవారిలో టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన అన్న బిల్ డోరెన్స్, వారి వద్ద నేర్చుకున్న రే హంట్ (1929–2009) ముఖ్యులు. మనిషి కోరిన పనిని గుర్రానికి సులువుగా, కోరని పనిని కష్టంగా ఉండేలా ఏర్పాటు చేసి, ఎంచుకునే అవకాశం దానికే వదిలేయాలన్నది వారి బోధనలోని సారం. కష్టంగా చేయడమంటే కొట్టడమని కొందరు అపార్థం చేసుకున్నారు గాని, వారి ఉద్దేశం అది కాదు. గుర్రం తనంతట తాను సరైన జవాబు వెతుక్కునేంత సమయం ఇవ్వడమే వారి పద్ధతికి ప్రాణం.

ఈ పద్ధతిలో మెలకువంతా ఒత్తిడి ఇవ్వడంలో కంటే దాన్ని తీసేయడంలోనే ఉంది. గుర్రం తలకు తొడిగిన హాల్టర్ అనే తాడుకట్టుకు మూడు, నాలుగు మీటర్ల తాడు బిగించి, శిక్షకుడు దాని ఎదురు భుజానికి కొంచెం పక్కగా నిలబడతాడు. వెనక్కి ఒక అడుగు వేయించాలంటే తాడును కొద్దిగా కదుపుతాడు. గుర్రం మొదట తల ఎత్తవచ్చు, పక్కకు చూడవచ్చు, ముందుకు తోసుకు రావచ్చు. ఆ సేపంతా తాడు అంతే మోతాదులో కదులుతూ ఉంటుంది గాని పెరగదు, ఆగదు. ఒకానొక క్షణంలో గుర్రం బరువు వెనుక కాళ్ళ మీదికి కాస్త ఒరుగుతుంది. గిట్ట ఇంకా లేవలేదు, ఛాతీ మాత్రం బెత్తెడు వెనక్కి జరిగింది. ఆ క్షణంలోనే తాడు పూర్తిగా చచ్చుపడినట్టు వదులైపోవాలి. తాను చేసిన పని వల్లే ఒత్తిడి పోయిందని గుర్రానికి తెలియడానికి దొరికే వ్యవధి ఒకటి రెండు క్షణాలే కాబట్టి, శిక్షకుడు అది దాటాక వదిలితే గుర్రం ఆ తరవాత చేసిన మరేదో పనిని నేర్చుకుంటుంది. అది తల విదిలించినప్పుడు వదిలితే తల విదిలించడమే పాఠమవుతుంది. తాడు వదులైన తరవాత కాసేపు ఏమీ అడగకుండా నిలబడితే, చాలా గుర్రాలు నాలుకతో పెదవులు తడుపుకుని, నమిలినట్టు దవడలు ఆడించి, పెద్ద ఊపిరి వదులుతాయి. దీన్ని లొంగుబాటుకు గుర్తని కొందరు చెబుతారు. ఉద్రేకం తగ్గి నెమ్మది వైపు మళ్ళుతున్న ఘట్టానికి గుర్తుగా తీసుకోవడం సబబు. అంటే అంతకుముందు ఉద్రేకం ఉందని కూడా అది చెబుతున్నట్టే.

తల దించడం నేర్పే పాఠమూ ఇదే సూత్రం మీద నడుస్తుంది. చెవుల వెనుక, మెడ మొదలయ్యే చోట అరచేతిని తేలికగా ఆనించి ఉంచి, తల అంగుళం దిగగానే చెయ్యి తీసేస్తారు. ఎత్తిన తల పరుగుకు సిద్ధమయ్యే భంగిమ, దించిన తల మేతకు సంబంధించిన భంగిమ కాబట్టి, ఈ అలవాటు బాగా నాటుకున్న గుర్రానికి బెదురు కలిగినప్పుడు మనిషి చేతి స్పర్శ ఒక దారి చూపిస్తుంది. వెనుక భాగాన్ని పక్కకు జరిపించే పాఠం మరో ముఖ్యమైనది: శిక్షకుడు గుర్రం పొట్ట దగ్గర నిలబడి దాని తొంటి వైపు చూస్తూ తాడు కొసను మెల్లగా ఆడిస్తే, గుర్రం దగ్గరి వెనుక కాలును పొట్ట కిందుగా, రెండో కాలికి అడ్డంగా వేసి తిరుగుతుంది. దౌడుకు కావలసిన తోపు వెనుక కాళ్ళ నుంచే వస్తుంది కాబట్టి, అవి ఇలా అడ్డంగా పడినప్పుడు గుర్రం నేరుగా ముందుకు దూకలేదు. బెదిరిన గుర్రాన్ని బలంతో లాగి ఆపడం మనిషి తరం కాదు గాని, ఈ ఒక్క మలుపు మాత్రం అతడి చేతిలో ఉంటుంది.

వీటి మధ్యలో స్పర్శకు కూడా చోటుంది. గుర్రాలు స్నేహంగా ఉన్నప్పుడు ఒకదాని మూపును మరొకటి పళ్ళతో గోకుతాయి. ఫ్రాన్స్‌లోని కామార్గ్ గుర్రాల మీద జరిపి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, మెడ మొదట్లో, మూపు ముందు భాగంలో మనిషి గోకినప్పుడు గుర్రం గుండె వేగం తగ్గిందని తేలింది. మెడ మీద చప్పుడయ్యేలా చరచి మెచ్చుకోవడం కంటే, మూపు దగ్గర వేళ్ళతో నిదానంగా గోకడమే గుర్రానికి అర్థమయ్యే మెప్పుకోలు. ముక్కు మీద చెయ్యి వేయాలన్న ఆరాటం మనిషిదే గాని గుర్రానిది కాదు.

భయపెట్టే వస్తువులను అలవాటు చేసే విషయంలో డెన్మార్క్ పరిశోధకురాలు జాన్నె విన్తర్ క్రిస్టెన్సెన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం చాలా సందేహాలు తీర్చింది. శిక్షణ ఎరుగని 27 రెండేళ్ళ మగగుర్రాలను మూడు గుంపులు చేసి, కదులుతున్న తెల్లని నైలాన్ సంచికి మూడు రకాలుగా అలవాటు చేశారు. మొదటి గుంపుకు సంచిని మొదటినుంచీ పూర్తి స్థాయిలో చూపించారు. రెండో గుంపుకు మెట్టుమెట్టుగా, ఒక మెట్టు దగ్గర గుర్రం కుదుటపడ్డాకే తరవాతి మెట్టుకు వెళ్తూ చూపించారు. మూడో గుంపుకు ముందు సంచికీ మేతకూ ముడిపెట్టి ఆ తరవాత పూర్తిగా చూపించారు. మెట్టుమెట్టుగా నేర్చిన గుంపులో బెదురు తక్కువగా కనిపించింది, ఆ గుంపులోని గుర్రాలన్నీ చివరికి సంచి దగ్గర నెమ్మదిగా నిలబడగలిగాయి. తక్కిన రెండు గుంపుల్లో కొన్ని గుర్రాలకు అది సాధ్యం కాలేదు. భయం నెత్తిన ఒక్కసారిగా గుమ్మరించే పద్ధతి తొందరలో ఉన్నవారికి ఆకర్షణీయంగా ఉంటుంది గాని, ఫలితం చూస్తే నిదానమే తక్కువ సమయం తీసుకుంటుంది. ఆచరణలో దీని అర్థం సులువైనది. గొడుగును ముప్పై అడుగుల దూరంలో మూసి ఉంచినప్పుడు గుర్రం చెవులు నిక్కించి, ఆ తరవాత తల దించి చూపు మరల్చుకుంటే, అప్పుడు గొడుగే ఇంకా దూరం పోవాలి. దగ్గరికి తెచ్చేది ఆ తరవాత. వస్తువు వెనక్కి తగ్గడమే గుర్రానికి దక్కే బహుమానం.

పక్కనున్న మనిషి మనసు కూడా ఈ శిక్షణలో భాగమే. 20వ శతాబ్దం తొలినాళ్ళలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేల తట్టి లెక్కలకు జవాబులు చెబుతోందని లోకం అబ్బురపడింది. 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కార్ ఫుంగ్స్ట్ దాని గుట్టు విప్పాడు: ప్రశ్న అడిగినవారు సరైన సంఖ్య రాగానే తమకే తెలియకుండా తలను రవ్వంత కదిలిస్తున్నారు, గుర్రం ఆ కదలికను చూసి తట్టడం ఆపుతోంది. లెక్కలు రాకపోతేనేం, మనుషులకే తెలియని మనుషుల కదలికను పట్టగల చూపు దానికుంది. 2009లో స్వీడన్ పరిశోధకులు, గుర్రాన్ని నడిపిస్తున్న వారితోనూ స్వారీ చేస్తున్న వారితోనూ, ఒకే దారిలో పదేపదే వెళ్ళే క్రమంలో నాలుగోసారి వెళ్ళేటప్పుడు ఒక గొడుగు హఠాత్తుగా విచ్చుకుంటుందని చెప్పారు. గొడుగు అసలు విచ్చుకోలేదు, అయినా మనిషి గుండె వేగంతో పాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం 2016లో, కోపంగా ఉన్న మనిషి ముఖం ఫొటో చూపించినప్పుడు గుర్రాల గుండె వేగం త్వరగా పెరుగుతుందని గుర్తించింది. కాబట్టి భయపడవద్దని గుర్రానికి చెప్పేటప్పుడు తాడును గుప్పిట్లో బిగించి, ఊపిరి బిగబట్టి నిలబడిన మనిషి మాటకూ ఒంటికీ పొంతన కుదరదు. గుర్రం ఒంటినే నమ్ముతుంది. భుజాలు దించి, ఊపిరి పూర్తిగా వదిలి, చూపును గుర్రం కళ్ళలో గుచ్చకుండా దాని భుజం మీద నిలపడం, తొందర ఉన్న రోజున అసలు శిక్షణకే దిగకపోవడం ఈ విద్యలో మొదటి అక్షరాలు.

గుండ్రని దడిలో గుర్రాన్ని తరిమి, అది చెవి ఇటు తిప్పి, తల దించి, నమిలినట్టు దవడలు ఆడించాక మనిషి వీపు తిప్పి నిలబడితే దగ్గరికొచ్చి వెంట నడిచే పద్ధతిని అమెరికన్ శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ ప్రపంచమంతటా ప్రచారం చేశాడు. 1989లో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ ముందు ప్రదర్శించాక దానికి ఎనలేని ఖ్యాతి వచ్చింది. కళ్ళెం, కొరడా లేకుండా గుర్రాన్ని మనిషి వెంట నడిపించిన ఆ ప్రదర్శన ఎందరినో పాత హింస నుంచి మరల్చింది, అది చిన్న మేలు కాదు. కాని పారిపోవడమే సహజ స్వభావమైన జంతువును ముందు పారిపోయేలా చేసి, తరమడం ఆపినప్పుడు కలిగే ఊరటను స్నేహంగా చూపించడం మీద శాస్త్రజ్ఞులు లేవనెత్తిన అభ్యంతరం బలమైనదే. ముందే బెదిరి ఉన్న గుర్రం విషయంలో తరమడానికి తావివ్వని నిదానమైన తాడు పాఠాలకే పెద్దపీట వేయడం న్యాయం.

ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది: బెదురుగా కనిపించేది నొప్పి కాదు కదా అని. పదునెక్కి చెంపలను కోసే దవడ పళ్ళు, వీపు మీద నప్పని జీను, వెన్నుపూసల బాధ, కడుపులో పుండ్లు, చూపు లోపం వీటిలో ఏదైనా గుర్రాన్ని బెదురుగొడ్డులా కనిపించేలా చేయగలదు. రోజులో ఎక్కువ భాగం కొద్దికొద్దిగా మేస్తూ ఉండటానికి తయారైన ఆ కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి గడ్డి లేకుండా లాయంలో కట్టేసి, రెండు పూటలా దాణా మాత్రం పెట్టే పద్ధతిలో పుండ్లు పడటం మామూలే. తోటి గుర్రాలు కనిపించని చోట ఒంటరిగా ఉంచిన మందజీవికి మనిషి ఎంత నేర్పినా నెమ్మది రాదు. పశువైద్యుడు, గడ్డి, తోడు, నడవడానికి కాస్త చోటు సమకూరిన తరవాతే తాడు చేతిలోకి రావాలి.

తెలుగువారికి గుర్రం దూరపు జంతువేమీ కాదు. హైదరాబాద్ మలక్‌పేట పందెపు మైదానంలో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాలు లేత వయసులోనే శిక్షణలోకి దిగుతాయి, పందాలకు పనికిరాని రోజున కొత్త చేతుల్లోకి వెళ్తాయి. నడవడం, ఆగడం, నిలబడి ఊపిరి తీసుకోవడం అనే చిన్న పాఠాలను అలాంటి గుర్రానికి మొదటినుంచీ మళ్ళీ నేర్పే ఓపిక కొత్త యజమానికి లేకపోతే, వేగం తప్ప మరొకటి ఎరుగని ఆ జీవం ప్రమాదకరమైనదనే ముద్ర వేయించుకుంటుంది. పెళ్ళి ఊరేగింపు గుర్రాల పరిస్థితి ఇంకా దయనీయం: పక్కనే డప్పులు, లౌడ్ స్పీకర్లు, కళ్ళు చెదిరే దీపాలు, కాళ్ళ దగ్గర టపాసులు. అక్కడ కదలకుండా నిలబడిన గుర్రం అలవాటుపడినదో, ఆశ వదులుకున్నదో దాని మూతి బిగువు చూస్తే తెలుస్తుంది. బండి లాగే, బరువు మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1965లో చేసిన కేంద్ర నియమాలు ముళ్ళున్న కళ్ళేల వాడకాన్ని నిషేధించాయి. పెళ్ళికి గుర్రాన్ని మాట్లాడుకునేవారు డబ్బు చేతిలో పెట్టే ముందు కళ్ళెంలో ముళ్ళున్నాయేమో చూడాలి, ఉంటే ఆ గుర్రాన్ని ఆ రూపంలో తెప్పించుకోకూడదు. ఊరేగింపులో దాని దరిదాపుల్లో టపాసులు కాల్చనివ్వకూడదు. పిల్లలు వెనుక నుంచి పరుగెత్తి రాకుండా పెద్దలు చూసుకోవాలి. గుర్రం బెదిరితే చుట్టూ మూగి అరవకుండా, దాన్ని ఎరిగిన మనిషి ఒక్కడికే తాడు వదిలి, మిగతావారంతా నాలుగడుగులు వెనక్కి జరగాలి.